హిల్మా ట్రైలర్ మీద టార్పాలిన్

కర్హు సరస్సు ట్రైలర్ స్థలం కమిటీ వాళ్ళారా, ఒన్నీ కూసిస్టో ఈ వేసవిలో ఎనభై నాలుగు రాత్రులు కుర్చీలో కూర్చుని నిద్రపోయాడంటే దానికి కారణం మీరు. మంచు కాదు. ఎలుకలు కాదు. అతని ఊపిరితిత్తులు కూడా కాదు, అవి పదేళ్ళుగా అలాగే ఉన్నాయి. కారణం, కిందటి అక్టోబరులో మీరు గేటుకి మేకులు కొట్టి తగిలించిన కాగితం. "చలికాలం ఇక్కడ ఉంచే ప్రతి ట్రైలర్‌నూ నవంబరు ఒకటో తేదీలోగా పైనుంచి నేల దాకా టార్పాలిన్‌తో పూర్తిగా కప్పవలెను. కప్పనివారికి వచ్చే ఏడు స్థలం ఇవ్వబడదు." ఐదుగురు కమిటీ. ఐదు చేతులూ లేచాయి. ఎందుకు కప్పాలి అని అడగడానికి ఒక్క నోరూ లేవలేదు.

ఆ ఐదింట్లో ఒక చెయ్యి నాది. అది దాచను. దాచితే మిగతాది చెప్పే హక్కు నాకుండదు.

జరిగింది మొదట్నుంచీ చెబుతాను, కమిటీకే కాదు, ఈ సరస్సు ఒడ్డున చక్రాల ఇల్లు పెట్టుకున్న అందరికీ.

ఒన్నీ నలభై ఏళ్ళు సౌనాలు కట్టాడు. మా కౌంటీలో ఏ పెరట్లో ఆవిరి స్నానాల గది చూసినా సగానికి సగం అతని చేతివే. నలభై ఏళ్ళు దేవదారు పొట్టు పీల్చాడు. ఇప్పుడు డెబ్బై నాలుగు. ఊళ్ళో వాళ్ళ ఇల్లు పెద్ద రోడ్డు పక్కన, చుట్టూ అందరి పొయ్యిల పొగ. ఆ ఇంట్లో వెల్లకిలా పడుకుంటే దగ్గుతో లేచి కూర్చుంటాడు. అందుకని ఏడాదిలో తొమ్మిది నెలలు హాల్లో కుర్చీలోనే, మెడ కింద దిండు పెట్టుకుని. జూన్ ఒకటిన భార్య హిల్మాతో ట్రైలర్‌కి వస్తాడు. సరస్సు మీది గాలి తగులుతుంది. మొదటి రోజే మంచం మీద చాపలా పరుచుకుని పడుకుంటాడు. ఎందుకో డాక్టరుకీ పూర్తిగా తెలీదు. హిల్మాకి తెలియనక్కర్లేదు. ఒకసారి నాతో అంది: "ఐలీ, పెళ్ళై యాభై ఏళ్ళయింది. ఇప్పుడు ఏడాదికి తొంభై రాత్రులే ఈయన నా పక్కన పడుకునేది. మిగతావన్నీ నేను మంచం మీద, ఈయన హాల్లో, మధ్యలో గోడ."

తొంభై రాత్రులు. నేను చెప్పబోయేదంతా వాటి గురించే.

కిందటి అక్టోబరు చివరి వారం. ఎవరు కప్పారు, ఎవరు కప్పలేదు అని జాబితా పట్టుకుని నేను వరసలో తిరుగుతున్నాను. అవును, నేనే. ఇరవై ఆరేళ్ళు స్కూలు బస్సు నడిపి, రోడ్ల మీద మంచు తీయడం లేదని టౌన్‌షిప్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్న నేనే ఆ జాబితా పట్టుకున్నాను. కూసిస్టోల ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి హిల్మా గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా గులాబిరంగు మందు పోస్తోంది. ఒన్నీ రెండు నీలం టార్పాలిన్లు, ఓ చుట్ట తాడు పట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడ్డాడు.

"కప్పొద్దు," అంది హిల్మా, తలెత్తకుండా.

"కప్పాలి. గేటు దగ్గర కాగితం చూళ్ళేదా?" అన్నాడు ఒన్నీ.

"చూశాను. రాసినవాడికి ట్రైలర్ ఉందా అని కూడా చూశాను. కమిటీ క్లారెన్స్‌కున్నది మోటారు పడవ. పడవని ప్లాస్టిక్‌లో చుట్టి పడేశాడు, బాగానే ఉంది, కనక అందర్నీ చుట్టమంటున్నాడు. పడవలో ఎవడు పడుకుంటాడు ఒన్నీ?"

"మంచు పడుతుందే."

"పడనీ. ఆదివారం ఆదివారం వచ్చి పైనుంచి లాగేద్దాం, ఇరవై ఏళ్ళుగా లాగుతున్నట్టే."

"లాగేది నువ్వా? నిచ్చెన కింద నిలబడి 'పడతావ్ పడతావ్' అని అరిచేది నువ్వు."

"పడలేదుగా ఇప్పటిదాకా? అరవబట్టే పడలేదు."

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. హిల్మా నావైపు తిరిగి, "చూడు ఐలీ, ఈ మనిషికి కప్పడం ఒక జబ్బు. కట్టెలు కప్పుతాడు. గడ్డి కోసే మిషను కప్పుతాడు. గులాబి మొక్కకి గోనెసంచి తొడుగుతాడు. నేను ఓ గంట కుర్చీలో కదలకుండా కూర్చుంటే నామీదా పట్టా వేసి తాడు బిగిస్తాడు," అంది.

"బిగించినా ఏం లాభం, మాటలు బయటికి వినిపిస్తాయి," అన్నాడు ఒన్నీ.

హిల్మా డబ్బా కింద పెట్టి లేచింది. అప్పుడడిగింది ఆ ప్రశ్న. నేను సరిగ్గా వినాల్సిన ప్రశ్న.

"సౌనాలో స్నానం అయ్యాక పైన ఉండే చిన్న కిటికీ ఎందుకు తెరిచిపెడతావు?"

"చెక్క ఆరడానికి."

"తెరవకపోతే?"

"నల్లబడుతుంది. బూజు పడుతుంది. చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు."

"మరి ఇదీ చెక్కేగా? లోపల నువ్వు కొట్టిన దేవదారు పలకలేగా?"

"సౌనా అంటే తడి ఉంటుందే. ఇది ఖాళీది. ఏడు నెలలు ఎవడూ ఉండడు. తడి ఎక్కణ్ణించి వస్తుంది?"

"గాల్లోంచి."

ఒన్నీ నావైపు చూశాడు, తగువు తీర్చమన్నట్టు. నా చేతిలో జాబితా ఉంది. నేనన్నాను: "రూలు రూలే హిల్మా." నా జన్మలో ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. నాతో అన్నవాళ్ళని మాత్రం ఊరికే వదల్లేదు.

అక్కడితో ఆగినా బావుండేది. ఆగలేదు. మా వాళ్ళ సంగతి మీకు తెలుసు. అక్టోబరు వచ్చిందంటే కిటికీలకి ప్లాస్టిక్ పొర అంటిస్తాం, తలుపుల సందుల్లో ఉన్ని కుక్కుతాం, పునాది చుట్టూ గడ్డిమోపులు పేరుస్తాం. సందు కనబడితే మాకు ఒళ్ళు జలదరిస్తుంది. లోపల పొయ్యి మండుతూ మనుషులు ఊపిరి తీసుకుంటున్న ఇంటికి అది సరిపోతుంది. పొయ్యిలేని, మనిషిలేని పెట్టెకి కూడా అదే చెయ్యడం మాలాంటి వాళ్ళకే చెల్లింది. నా కారులో మా కిటికీలకి అంటించగా మిగిలిన ప్లాస్టిక్ ఉంది. ట్రైలర్ పైకప్పులో గాలి పోవడానికి ఓ చిన్న మూత ఉంటుంది కదా, లోపల బల్ల ఎక్కి దానికి ఆ ప్లాస్టిక్ పరిచి, చుట్టూ టేపు వేసి బిగించేశాను. "ఇప్పుడు ఈగ కూడా దూరదు," అన్నాను. హిల్మా గులాబి మందు డబ్బా మూత పెట్టుకుంది. ఒన్నీ, నేను కలిసి టార్పాలిన్ వేసి నేల దాకా లాగి తాళ్ళు బిగించాం. జాబితాలో టిక్కు పెట్టాను.

మా వరసలో ఒక్కడే కప్పలేదు. అతని పేరు ఎల్మర్ సారి, చివరి ట్రైలర్ అతనిదే. స్థలం ఖాళీ చెయ్యమని అతనికి ఉత్తరం పంపారు. సమాధానం రాయలేదు, ట్రైలర్ కదపలేదు. "బద్ధకం, కాగితం చదవడానికి కూడా బద్ధకం," అని క్లారెన్స్ అంటే నవ్వాం.

చలికాలం సంగతి కొత్తగా చెప్పేదేముంది. మా కౌంటీ పక్కనున్న పెద్ద సరస్సు మీంచి వచ్చిన మంచు ఛాతీ దాకా పేరుకుంది. ఆదివారాలు పొడుగు పార పట్టుకుని వెళితే టార్పాలిన్ మీంచి మంచు జర్రున జారిపోయేది. చూశావా ఎంత సులువో అనుకున్నాం. కింద ఏముందో కనపడలేదు, కనపడదని కూడా తట్టలేదు. గాలికి టార్పాలిన్ టపటపా కొట్టుకునేది. ప్రతి దెబ్బా ట్రైలర్ రంగు మీద గరుకు కాగితంతో రుద్దడమే. మార్చిలో ఎండ వచ్చింది. పగలంతా నీలం పట్టా వేడెక్కింది, సాయంత్రం కాగానే మళ్ళీ చల్లబడింది. రోజూ అదే. ఒన్నీ ఏ సౌనాలోనూ అంత బాగా ఆవిరి పట్టించి ఉండడు.

మే ఇరవయ్యో తారీకున విప్పాం. ముగ్గురమే. తాళ్ళు ఒరుసుకున్నచోట రంగు లేచిపోయింది. మూలల్లో పైకప్పు రబ్బరు అరిగి గుడ్డలా కనిపిస్తోంది. ఒన్నీ అదంతా చూసి, "రంగుదేముంది, వేద్దాం," అన్నాడు. తలుపు తాళం తీసి ముందు తనే లోపలికెళ్ళాడు.

తలుపు దగ్గరున్న నాకే వాసన ముక్కుకి కొట్టింది. తడి సంచిలో మర్చిపోయిన బంగాళాదుంపల వాసన. లోపల ఒన్నీ దగ్గు మొదలైంది. ఆగలేదు. హిల్మా అతని చంకల కింద చేతులేసి బయటికి లాక్కొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టింది. మందు పీల్పించింది. నేను లోపలికెళ్ళాను. మంచం పక్కన దేవదారు పలకలు నేల నుంచి నడుం ఎత్తు దాకా నల్లగా ఉన్నాయి. పరుపు ఎత్తి చూస్తే అడుగున బూడిదరంగు బొచ్చు. పైన నేను అంటించిన ప్లాస్టిక్‌కి ఇంకా నీటిబొట్లు వేలాడుతున్నాయి, లెక్కపెట్టుకో అన్నట్టు.

బయటికొచ్చాను. తిడుతుంది అనుకున్నాను. తిడితే బావుండు అనుకున్నాను.

"ఐలీ, కారులో కాఫీ ఫ్లాస్కుంది, పట్రా," అంది హిల్మా.

తెచ్చాను. ముగ్గురం తాగాం. ఒన్నీకి ఊపిరి కుదుటపడ్డాక మెల్లిగా అన్నాడు: "నువ్వే గెలిచావే."

"గెలిచి ఏం చేసుకోను?" అంది హిల్మా. "నువ్వు హాల్లో, నేను మంచం మీద."

అవతల ఎల్మర్ తన ట్రైలర్ తలుపు తీసి, పరుపు దులుపుతున్నాడు. వెళ్ళి లోపలికి తొంగిచూశాను. బిస్కట్‌లా పొడిగా ఉంది. పైన మూత కొంచెం తెరిచి, దానిమీద వానా మంచూ పడకుండా గొడుగులాంటి డొప్ప బిగించాడు. "ఇదంతా ఎప్పుడు చేశావయ్యా?" అంటే, "అక్టోబర్లో. అరగంట పట్టింది. తర్వాత పడుకున్నాను," అన్నాడు. బద్ధకస్తుడట.

డాక్టరు గట్టిగా చెప్పింది, ఆ చెక్క మార్చి, పూర్తిగా ఆరేదాకా ఒన్నీ లోపల అడుగు పెట్టకూడదని. జూన్ ఒకటి వచ్చింది. వెళ్ళిపోయింది.

జూన్, జూలై అంతా ఆ ట్రైలర్ విప్పాం. హిల్మా మొదలుపెట్టింది, నేను పిలవకుండానే వెళ్ళాను. మొదటి రోజు ఆమె నాకు పరుపు ఈడ్చే పని ఇచ్చింది. అది శిక్షేమో నాకు తెలీదు, అడగలేదు. క్లారెన్స్ తన ట్రక్కులో ఎండిన దేవదారు పలకలు తెచ్చి దింపాడు. ఎవరూ అడగలేదు. అది కూడా ఇక్కడ రాయాలి, రాస్తున్నాను. ఒన్నీ ముప్ఫై అడుగుల దూరంలో, గాలి అటునుంచి ఇటు వచ్చేచోట, మడతకుర్చీలో కూర్చుని ఆజ్ఞలిచ్చేవాడు.

"ఐలీ! అది రంపం. బస్సు స్టీరింగు కాదు."

"మలుపు తిప్పొద్దా మరి?"

"తిప్పితే పలక రెండు ముక్కలవుద్ది. తిన్నగా పో. తిన్నగా ఎప్పుడైనా పోయావా నువ్వు?"

"నీ మనవల్ని పన్నెండేళ్ళు తిన్నగా తీసుకెళ్ళా."

"అందుకే వాళ్ళు అలా తయారయ్యారు."

హిల్మా లోపల్నించి అరిచేది, "మాట్లాడకు ఒన్నీ, దగ్గొస్తుంది." ఓ నిమిషం ఊరుకునేవాడు. మళ్ళీ మొదలు. పనయ్యాక సాయంత్రం హిల్మా అతన్ని కారులో కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకెళ్ళేది, కుర్చీ దగ్గరికి. అందరి ట్రైలర్లలో దీపాలు వెలుగుతుంటే వాళ్ళ కారు ఒక్కటే గేటు దాటి వెనక్కి పోయేది. దాన్ని ఆ వేసవంతా చూశాను.

పాత చెక్కంతా పీకాక ఒన్నీ ఓ పలక తన దగ్గరికి తెమ్మన్నాడు. ఒళ్ళో పెట్టుకుని పెన్సిల్‌తో గీత గీశాడు. మంచం కాళ్ళవైపు నేల దగ్గర ఒక కన్నం, ఎదురు గోడ పైన ఇంకో కన్నం, రెంటికీ జల్లెడ రేకు. కింద చల్లగాలి వస్తుంది, పైనుంచి తడిగాలి పోతుంది. సౌనాకి చేసే పనే.

"నలభై ఏళ్ళు ఊళ్ళో అందరికీ కోశాను ఈ కన్నం," అన్నాడు. "నా మంచం కింద కొయ్యాలని మాత్రం తట్టలేదు."

"తట్టింది," అంది హిల్మా. "నాకు."

"నీకు తట్టినవన్నీ వింటే నేను ఎప్పుడో బాగుపడేవాణ్ణి."

"ఇప్పుడైనా విను. ఆ గీత వంకరగా ఉంది."

నిజంగానే వంకరగా ఉంది. చెరిపి మళ్ళీ గీశాడు.

ఆగస్టు చివర్లో డాక్టరు సరేనంది. ఇరవై ఆరో తారీకు పొద్దున్నే హిల్మా మా ట్రైలర్ తలుపు కొట్టింది. చేతిలో గుడ్డలో చుట్టిన యాలకుల రొట్టె, ఇంకా వేడిగా ఉంది. లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడింది.

"పడుకున్నాడు," అంది. "తెల్లారేదాకా. గురక పెట్టాడు. దుప్పటంతా లాగేసుకున్నాడు. మోచేత్తో నా డొక్కలో పొడిచాడు, చూడు, ఇక్కడ, కమిలిపోయింది." ఆమె ముఖం చూసి నేను రొట్టె వైపు చూడాల్సివచ్చింది. "మళ్ళీ పొడవమని చెప్పనా?" అన్నాను. "నేను చెప్పా," అంది.

ఆరు రాత్రులు దొరికాయి వాళ్ళకి. తొంభైలో ఆరు. అంతలో సెప్టెంబరు వచ్చింది, చలి వచ్చింది, ఊరికెళ్ళిపోయారు.

ఇంతా జరిగాక, ఈ సోమవారం గేటు దగ్గర మళ్ళీ అదే కాగితం. అక్షరం మారలేదు. తేదీ ఒక్కటే మార్చారు. ఈసారి నా దగ్గరికి ఎవరూ సంతకానికి కూడా రాలేదు, కిందటేడు ఎత్తిన చేతులే చాలన్నారట.

క్లారెన్స్ దగ్గరికెళ్ళాను. పడవని తుడుస్తున్నాడు.

"ఆ కాగితం ఎందుకు పెట్టావు?"

"చూడ్డానికి పద్ధతిగా ఉంటుంది ఐలీ. రోడ్డు మీద పోయేవాళ్ళకి వరసంతా ఒకే రంగు, శుభ్రంగా."

"రోడ్డు మీద పోయేవాళ్ళు వచ్చి ఒన్నీ బదులు దగ్గుతారా?"

"ఒన్నీ అంటే నాకు మాత్రం అభిమానం లేదా? చెక్క తెచ్చివ్వలేదూ?"

"తెచ్చావు. ఆ చెక్కనే మళ్ళీ కుళ్ళబెట్టమంటున్నావు."

"ఒక్కడికి మినహాయింపు ఇస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడగనీ. అడగాల్సింది అదే."

"నువ్వూ చెయ్యెత్తావుగా?"

"ఎత్తాను. దించుతున్నాను. నీదీ దించు, నొప్పెట్టడం లేదూ ఏడాదిగా?"

నవ్వాడు. నవ్వి మళ్ళీ పడవ తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. అదే నా బాధ. చెడ్డవాడైతే ఈపాటికి తేల్చేసేదాన్ని.

అట్నుంచి అటే కూసిస్టోల ఇంటికెళ్ళాను. ఒన్నీ కుర్చీలో ఉన్నాడు, మెడ కింద దిండు. నన్ను చూడగానే అన్నాడు: "కప్పేద్దాంలే ఐలీ. లేకపోతే స్థలం తీసేస్తారు. తొంభై మంది ఎదురుచూస్తున్నారట స్థలం కోసం."

"కప్పితే నువ్వు కోసిన కన్నాలు రెండూ మూసుకుపోతాయి."

"తెలుసు."

హిల్మా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు అలవాటే. "కప్పకపోతే సరస్సు పోతుంది, కప్పితే మంచం పోతుంది," అంది. "ఏది వదులుకోమంటారో ఆ ఐదుగుర్నే వచ్చి, ఈయన ఎదురుగా నిలబడి చెప్పమను. నేను చెప్పలేను ఈయనకి."

అదిగో, ఆ మాటే మీ దగ్గరికి తెచ్చాను.

కప్పకపోతే ఎవరికీ ఏమీ కాదని నేను అనడం లేదు. పైన్ చెట్ల కింద జిగురు కారేచోట ఉన్నవాళ్ళు కప్పుకోవచ్చు. పైకప్పు అతుకులు పాతబడ్డవాళ్ళు ముందు అతుకులు చూసుకుని, తర్వాత కప్పుకోవచ్చు. గాలి ఆడే గుడ్డతో, అడుగున ఖాళీ వదిలి, పైన మూత తెరిచి. ఎవరి ట్రైలర్ సంగతి వాళ్ళకి తెలుసు, లోపల పడుకునేది వాళ్ళు. తెలియంది పడవవాళ్ళకి, నాలాగా జాబితాలు పట్టుకు తిరిగేవాళ్ళకి.

కనక చెయ్యాల్సింది ఇది, ఈ శనివారమే. పొద్దున పది గంటలకి ఐదుగురూ గేటు దగ్గరికి రండి. ఆ కాగితం మీ చేతుల్తో పీకండి. కప్పుకోవడం, కప్పుకోకపోవడం ఎవరిష్టం వాళ్ళదని రాసి పెట్టండి. నేల దాకా టార్పాలిన్ బిగించమని ఇంకెప్పుడూ ఎవర్నీ అడగబోమని అందులోనే రాయండి. ఇప్పటికే భయపడి కప్పేసిన పదకొండు ట్రైలర్లున్నాయి, వరసగా వెళ్ళి తాళ్ళు విప్పండి, నేనూ విప్పుతాను. ఎల్మర్‌కి పంపిన ఉత్తరం వెనక్కి తీసుకోండి, అతన్ని అడిగి అందరికీ పైమూతలకి డొప్పలు బిగించండి, పడుకున్నా సరే లేపండి. వచ్చే వేసవిలో వరస మొత్తానికీ గోడల్లేని పందిరి కప్పు వేద్దాం, మంచు దానిమీద పడుతుంది, గాలి కింద ఆడుతుంది. ఎలా కట్టాలో ఒన్నీ కుర్చీలోంచి చెబుతాడు, నోరు ఎలాగూ ఊరుకోదు. అది వచ్చే ఏడు పని. ఈ శనివారం పని ఇంకొకటుంది. కూసిస్టోల స్థలం జూన్ ఒకటి నుంచి వాళ్ళదేనని, కప్పినా కప్పకపోయినా వాళ్ళదేనని రాసి, ఐదుగురూ సంతకాలు పెట్టండి. నాది మొదట పెడతాను. పెట్టి, ఐదుగురూ కలిసి వాళ్ళింటికి నడిచి, హిల్మా చేతికివ్వండి.